కథాముఖమున విజ్ఞానము

గ్రామములో ఒక మంచి మాటను నలుగురికి తెలుపవలసి వచ్చినపుడు దండోరా వేయింతుము. పంచాయతీ కార్యాలయము గోడమీద ప్రకటన అంటింతుము. నేడు చేతిలోని ఫోనులకు సందేశములు కూడ పంపుచున్నాము. "నీటి తొట్లను శుభ్రముగా నుంచుడు", "పాము కరచినచో వెంటనే ఆసుపత్రికి చేరుడు" అను మాటలు వినని కుటుంబము అరుదు. అయినను పెరటిలోని తొట్టి నెలల తరబడి అట్లే యుండును. పాము కరచినవానిని పెక్కుచోట్ల మొదట మంత్రము వేయువాని వద్దకే కొనిపోవుదురు.

దీనికి ప్రజల మొండితనమే కారణమని కొందరు అనుచుందురు. మేము అట్లు తలంపము. ఊరివారికి ఆజ్ఞ చేరినది గాని, ఆజ్ఞ వెనుకనున్న కారణము చేరలేదు. కారణము తోచని పనికి రైతు తన కాలమును వెచ్చింపడు. ఏ కార్తెలో ఏ విత్తు వేయవలెనో, ఏ నేలకు ఏ ఎరువు పట్టునో అతడు చూచి, పరీక్షించి, ఎరిగిన పిదపనే చేయును. తొట్టికిని, జ్వరమునకును గల లంకె అతని కంటికి కనబడలేదు. కనబడని లంకెను ఊరక నమ్ముమనుట న్యాయము కాదు. దానిని చూపుట మన విధి.

అట్టి లంకెను కన్నులకు కట్టునట్లు చూపగల సాధనము ఒకటి మన పల్లెలలో తరతరములుగా ఉన్నది. అదియే కథ. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట అను పేర్లతో అది మన అరుగులమీదను, గుడి ముంగిళ్ళయందును వెలసినది. చదువు రానివారు సైతము ఒక్కసారి విన్న కథను క్రమము తప్పక తిరిగి చెప్పగలరు. ముందేమి జరిగినది, దానివలన తరువాత ఏమి జరిగినది అనునదే కథకు ప్రాణము. శాస్త్రజ్ఞుడు వెదకునదియు అదియే: ఏ కారణమువలన ఏ కార్యము కలిగినది? కనుక శాస్త్రమును కథగా చెప్పుట పిల్లలకు బెల్లముపెట్టి మందు మింగించుట వంటిది కాదు. సక్రమముగా చెప్పిన కథ తానే మందు.

ఏడాది దూరమును కలిపిన కథ

ఇందుకు మన దేశము స్వానుభవముతో ఎరిగిన గొప్ప నిదర్శనము నారికురుపు కథ. పెద్దవయసువారిలో దానిని చూచినవారు ఇంకను ఉందురు. సామాన్యముగా కాలిమీద ఒక పొక్కు లేచును. అది చిట్లి, అందుండి దారము వంటి తెల్లని పురుగు మెల్లమెల్లగా బయటికి వచ్చును. ఆ పురుగు దాదాపు ఒక మీటరు పొడవు వరకు ఉండగలదు. దానిని ఒక పుల్లకు చుట్టుచు దినమునకు కొంచెముగా లాగవలసి యుండెను. మధ్యలో తెగినచో బాధ మరింత హెచ్చును. వారముల తరబడి మనిషి మంచము పట్టును. పొలము పనుల కాలములో ఇట్లు జరిగినచో ఆ యింటికి ఆ యేటి పంటయే పోవును.

ఈ పురుగు ఎక్కడినుండి వచ్చినది? కాలిలో పుట్టినదని ఒకరనిన, ఏదో పాపఫలమని మరియొకరనుట సహజమే. నిజము వేరు. పొక్కు మంటకు ఓర్వలేక రోగి దిగుడుబావి మెట్లు దిగి నీటిలో కాలు పెట్టును. నీరు తగిలిన వెంటనే ఆ పురుగు లక్షల సంఖ్యలో తన పిల్లలను నీటిలోనికి విడుచును. సైక్లాప్స్ అను నలుసంత నీటిపురుగు ఆ పిల్లలను తినును. సుమారు రెండు వారములలో అవి దాని కడుపులో ముదురును. ఆ నీటిని వడకట్టక త్రాగినవాని కడుపులో నీటిపురుగు చచ్చును. నారిపురుగు పిల్ల బ్రదుకును. అది శరీరమున పెరిగి పెరిగి, దాదాపు ఒక సంవత్సరమునకు కాలిలోనుండి పైకి వచ్చును.

ఈ సంవత్సర కాలమే చిక్కంతయు. నేడు త్రాగిన నీటికి నేడే కడుపునొప్పి వచ్చినచో ఎవరికైనను అనుమానము కలుగును. నిరుడు త్రాగిన నీటిని ఈ యేడు ఎవరు తలచుకొందురు? "నిరుడు తిన్న గారెకు ఈ యేడు త్రేన్పు వచ్చునా?" అని ఎవరైన నవ్వినచో ఆ నవ్వులో తప్పు లేదు. అట్టివానికి సూక్ష్మదర్శిని గురించి ఉపన్యసించుటకంటె అతని చేనిని జ్ఞాపకము చేయుట మేలు. "విత్తిన నాడే కంది కోయుదువా? జొన్న కొక గడువు, కంది కొక గడువు. ఈ పురుగు పంటకు గడువు ఏడాది" అనినచో అతడు నవ్వు మాని ఆలోచించును. ఏడాది దూరముననున్న రెండు సంగతులను ఒక్క వాక్యము ముడివేసినది. కథ చేయగల పని ఇదియే.

ఈ వ్యాధికి నాడును నేడును మందు లేదు, టీకా లేదు. అయినను మన దేశము దానిని నిర్మూలించినది. 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమము మొదలైనది. 1984లో దేశమున సుమారు 40,000 మంది ఈ వ్యాధితో బాధపడుచుండిరి. వ్యాధి ఉన్న రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. నీటిని సన్నని బట్టతో వడకట్టి త్రాగుట, పుండు ఉన్నవాడు నీటిలో దిగకుండుట, దిగుడుబావులను గట్టు కట్టిన చేదబావులుగా మార్చుట, చేతిపంపులు వేయుట, నీటిపురుగులను చంపు మందును నీటిలో కలుపుట, ప్రతి రోగిని వెదకి కనుగొనుట అను పనులతోనే అది సాధ్యమైనది. కడపటి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును నారికురుపు లేని దేశముగా ధ్రువీకరించినది. మందు లేని వ్యాధిని, కారణమెరిగిన ప్రజలును, మంచినీటి వసతులును కలిసి ఓడించినవి. జనులకు విజ్ఞానము తెలుపుట వృథాప్రయాస అనువారికి ఇంతకు మించిన సమాధానము అక్కరలేదు.

సికిందరాబాదులో తెలిసిన రహస్యము

కాలము వలెనే సూక్ష్మత కూడ కారణమును మన కంటికి మరుగుపరచును. మలేరియా కథ అట్టిది. ఇది మన గడ్డమీద నడచిన కథ. పూర్వము ఈ జ్వరము చెడుగాలివలన వచ్చునని లోకమంతయు నమ్మినది. మలేరియా అను మాటకు అర్థము కూడ చెడుగాలియే. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగా నుండిన రొనాల్డ్ రాస్ దోమలమీద అనుమానముతో 1895 నుండి వానిని కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షింపసాగెను. ఎన్ని దోమలను కోసినను ఫలితము కనబడలేదు. అవి ఆ వ్యాధిని మోయని జాతులు. తుదకు రెక్కలపై మచ్చలున్న దోమలు అతనికి లభించినవి. హుసేన్ ఖాన్ అను రోగిచేత ఆ దోమలను కుట్టించుకొనజేసి, దోమకొక అణా చొప్పున అతనికి ఇచ్చెను. 1897 ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుట అతడు కనుగొనెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై ప్రయోగములు చేసి, దోమకాటు ద్వారా క్రిమి వ్యాపించు విధమును నిరూపించెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించినది.

ఈ కథను పిల్లలకును పెద్దలకును చెప్పుటలో ఒక విశేష ప్రయోజనము కలదు. "దోమవలన జ్వరము వచ్చును" అని మాత్రము చెప్పినచో అది ఒక ప్రకటన. ఒక మనిషి రెండేండ్లు వెదకి, పలుమార్లు నిరాశపడి, ఒక రోగి సాయముతో ఒకనాడు సత్యమును పట్టుకొనెనని చెప్పినచో, సత్యము ఎట్లు తెలియునో కూడ వినువారికి తెలియును. శాస్త్రజ్ఞుని మాటను నమ్ముటకు అతని పదవి కారణము కాదు. అతడు చూచినదానిని ఎవరైనను మరల చూడవచ్చుననుటయే కారణము.

నేడు మన ఊళ్ళను ఎక్కువగా పీడించు డెంగీ జ్వరమును మోయునది వేరొక దోమ. అది పగటిపూట కుట్టును. మురుగునీటికంటె ఇంటి చుట్టునున్న నిలువనీటిని కోరును. తొట్టి, గోలెము, పాత టైరు, కొబ్బరిచిప్ప, పెరటిలో పడియున్న పాత రోలు దానికి చాలును. గ్రుడ్డు దోమయగుటకు వారము పది దినములు పట్టును. వారమునకు ఒకసారి నీటిని పారబోయుమనుటకు కారణము ఇదియే. దోమకు రెక్కలు రాకముందే దాని ఇల్లు ఖాళీ చేయించుట. నీరు పారబోసిన చాలదు, లోపలి గోడను రుద్దవలెను. ఏలయన ఆ గ్రుడ్లు గోడకు అంటియుండి, నీరు లేకున్నను నెలల తరబడి చావక, తిరిగి నీరు చేరగానే పిల్లలగును. "తొట్టి కడుగుడు" అను రెండు మాటలకు బదులు ఈ కథ చెప్పి చూడుడు. ఎన్ని దినముల కొకసారి కడుగవలెను, ఎట్లు కడుగవలెను అనునవి ఎవరును చెప్పకయే విన్నవారికి తెలియును. పిదప ఒక గాజు గ్లాసులో అదే వీధిలోని తొట్టినీరు పట్టి, అందు తల క్రిందుగా వ్రేలాడుచు మెలికలు తిరుగు దోమపిల్లలను చూపుడు. కథ చెప్పినది కన్ను ధ్రువపరచును.

ఎదుటి కథను ఎదుర్కొనుట

కొన్ని విషయములలో గ్రామమునందు ఇదివరకే ఒక కథ పాతుకొనియుండును. దానిని గమనింపక మన కథను చెప్పినచో అది నిలువదు. పాముకాటు అట్టి విషయము. ఇది ప్రాణముతో కూడిన సంగతి. 2000 నుండి 2019 వరకు ఇరువది సంవత్సరములలో మన దేశమున సుమారు 12 లక్షల మంది పాముకాటువలన మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా వేసియున్నారు. సగటున ఏడాదికి 58,000 మంది. వీరిలో అత్యధికులు పల్లెలవారే. అన్నము పెట్టు రైతు, నాట్లు వేయు కూలి, నేలమీద నిద్రించు పిల్ల ఈ లెక్కలోనివారు.

మంత్రము వేయువానివద్దకు జనులు వెళ్ళుటకు కారణము కలదు. అతనివద్ద పెక్కుమంది బ్రతికిరి. ఇది అబద్ధము కాదు. ఈ నిజమును కాదనినచో వినువాడు మన తక్కిన మాటలను కూడ కాదనును. చెప్పవలసినది వేరు. మన పొలములలో తిరుగు పాములలో పెక్కింటికి విషము లేదు. జెర్రిపోతు కరచినను, నీరుకట్టె కరచినను మనిషి చావడు. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము ఎక్కింపక వట్టి కాటు వేసి పోవును. ఇట్టివారికి మంత్రము వేసినను వేయకున్నను ప్రాణాపాయము లేదు. కాని నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అను నాలుగింటిలో ఏదైన నిజముగా విషమెక్కించినచో మంత్రమునకు గడచిన ప్రతి ఘడియయు ఆయువులో తరుగే. ఆసుపత్రిలో ఇచ్చు విరుగుడు సూదిమందు ఈ నాలుగు పాముల విషమునకే తయారు చేయబడినది. అన్నిటికంటె మోసకారి కట్లపాము. అది రాత్రివేళ నేలమీద పరుండినవారిని కరచును. నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలిపోవును, ఊపిరి అందదు.

ఏ పాము కరచినదో చీకటిలో తెలియదు. ఎంత విషమెక్కినదో వెంటనే తెలియదు. అందుచేత ప్రతి కాటును విషపుకాటుగనే తలచి ఆసుపత్రికి పోవలెను. కథ చివరకు ఈ ఒక్క మాట మిగిలిన చాలును. దానితోపాటు చేయవలసినవి కొన్ని, చేయరానివి కొన్ని కలవు. కరచినవానికి ధైర్యము చెప్పవలెను. అతనిని నడిపింపరాదు. కరచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు బద్ద కట్టినట్లు కదలకుండ చేయవలెను. ఉంగరములు, కడియములు తీసివేయవలెను. గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట కూడదు. 108 వాహనమునకు కబురు చేయవలెను. పామును పట్టుటకో చంపుటకో కాలము వ్యర్థము చేయరాదు.

వంతవాని ప్రశ్నకు చోటు

శాస్త్రమును కథగా చెప్పుటకు మన ప్రాచీన కళారూపములు ఏ మాత్రము పనికివచ్చునని సందేహింపనక్కరలేదు. వాని నిర్మాణమే అందుకు అనుకూలము. బుర్రకథను చూడుడు. నడుమ కథకుడు తంబురా మీటుచు, అడుగులు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలు నిలుతురు. ఒకరు హాస్యము, మరియొకరు రాజకీయము. హాస్యము చెప్పువాడు నవ్వించుటకు మాత్రము గాక, కథకుని మధ్యమధ్య ఆపి ప్రశ్నించుటకు కూడ ఉన్నాడు. రాజకీయము చెప్పువాడు పాత కథను నేటి ఊరి సంగతులకు ముడిపెట్టును. సందేహమునకు వేదికమీద పీట వేసిన కళ ఇది. ఉపన్యాసములో సందేహము శ్రోత కడుపులోనే ఉండిపోవును. బుర్రకథలో అది పైకి వచ్చి, సమాధానము పొంది, శాంతించును.

పాముకాటును గురించి బుర్రకథ కూర్చినచో సంభాషణ ఈ విధముగా నడువవచ్చును. "మొన్న మా మామను పాము కరచినది, మంత్రము వేయగా లేచి కూర్చుండినాడు. నీ సూదిమందు ఎవరికి కావలెను?" అని హాస్యము అడుగును. "ఏ పామో చూచితివా తమ్ముడా?" అని కథకుడు. "పొడవైన పాము, పసుపుపచ్చనిది, గట్టుమీద ఎలుకల వెంట పరుగెత్తునది." "అది జెర్రిపోతు. మంత్రము వేయకున్నను మీ మామ లేచి కూర్చుండును. మంత్రగానికిచ్చిన కోడి మాత్రము లేచి రాదు!" జనులు నవ్వుదురు. అప్పుడు రాజకీయము అందుకొని, "అది సరే, మన ఆసుపత్రిలో విరుగుడు మందు ఉన్నదా? అర్ధరాత్రి బండి దొరకునా? చూడవలసిన వారెవరు?" అని సభలో ముందు వరుస వంక చూచును. ఆ వరుసలో కూర్చుండువారు పంచాయతీ సభ్యులే గదా!

తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్కలకును ఇట్టి ప్రశ్నలే తగును. ఒగ్గుకథ చెప్పువాని పక్క సహాయకుడును ఈ పనిని నిర్వహింపగలడు. పౌరాణిక పాత్రలచేత దోమమందు గురించి చెప్పింపవలసిన అవసరము లేదు; కళారూపము పాతదైన చాలును, కథ మన ఊరిదై యుండవలెను.

ఈ మార్గము క్రొత్తది కాదు. బుర్రకథకు విశేష ప్రచారము తెచ్చిన షేక్ నాజర్ గారి కాలమునాటికే సమకాలిక సమస్యలు ఆ వేదిక నెక్కినవి. వారిని భారత ప్రభుత్వము 1986లో పద్మశ్రీతో గౌరవించినది. 1954లో కేంద్ర ప్రభుత్వము గేయ నాటక విభాగమును నెలకొల్పి జానపద కళల ద్వారా అభివృద్ధి విషయములను ప్రచారము చేయించినది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సర కాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందజేయబడినవి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో ఉండినవి. కేరళలో 1962లో ఏర్పడిన శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో శాస్త్ర కళాజాతను ప్రారంభించి, పాటలు, వీధినాటకములతో ఊరూర తిరిగినది. 1987లో భారత జన విజ్ఞాన జాత దేశమంతట సాగినది. మరుసటి యేడు మన తెలుగునాట జన విజ్ఞాన వేదిక ఏర్పడినది.

కథ నిప్పు వంటిది

పొయ్యిలో నున్న నిప్పు వంట చేయును. చూరున పడిన నిప్పు ఇల్లు కాల్చును. కథయు అట్టిదే. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి ఫోనుల ద్వారా వ్యాపించి, దేశములో పలుచోట్ల నిరపరాధులు మూకల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. ఆ వదంతియు ఒక కథయే. దానికి మొదలు, నడుమ, భయంకరమైన ముగింపు ఉన్నవి. సాక్ష్యము మాత్రము లేదు. కనుక కథ చెప్పువారు ముందుగా పాటింపవలసిన నియమము, అందలి విషయమును తెలిసినవారిచేత సరిచూపించుట. వైద్యవిషయమైనచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యుడును, పంటల విషయమైనచో వ్యవసాయాధికారియు కథను ముందు విని, తప్పులు దిద్దవలెను.

రెండవ నియమము, నిజమును దాని హద్దులోనే నిలుపుట. నారికురుపును ఆపుటకు సన్నని బట్ట చాలినది. ఏలయన నీటిపురుగు బట్ట కన్నములకంటె పెద్దది. అతిసారమును కలిగించు సూక్ష్మక్రిములు అంతకంటె ఎన్నో మడుగులు చిన్నవి. వానికి నీటిలో క్లోరిన్ కలుపుట, కాచి చల్లార్చుట అవసరము. ఒక కథలోని ఉపాయమును వేరొక వ్యాధికి అంటగట్టినచో మంచి కథయే కీడు చేయును. అట్లే సూదిమందుతో ప్రతివాడు బ్రతుకునని చెప్పరాదు. త్వరగా చేరినవానికి బ్రతుకు ఆశ ఎక్కువ అని చెప్పవలెను. ఒక్కసారి అతిగా చెప్పి దొరికిపోయినచో తరువాతి నిజమును ఎవరును వినరు.

మూడవ నియమము, కథలో ఏ కులమును, ఏ వీధిని, ఏ కుటుంబమును దోషిగా నిలుపకుండుట. రోగము వచ్చినవానిని నవ్వులపాలు చేసిన కథ రోగమును దాచుట నేర్పును. దాచిన రోగమే వ్యాపించును.

కథతోపాటు వసతి

పంచాయతీ సభ్యులకు మేము విన్నవింపదలచిన ముఖ్యాంశము ఇక్కడ ఉన్నది. కథ ఒంటెద్దు బండి కాదు. దానికి జోడెద్దు వసతి. నారికురుపు కథలో బావికి గట్టు కట్టకుండ "నీటిలో దిగకుడు" అని మాత్రము చెప్పియుండినచో ఫలితము శూన్యము. నీటికై మెట్లు దిగుట తప్ప వేరు మార్గము లేని స్త్రీకి ఆ మాట బోధ కాదు, నింద. నేడును అంతియే. కొళాయిలో నాలుగు దినముల కొకసారి నీరు వచ్చు వీధిలో "నీరు నిలువ చేయకుడు" అనుట వ్యర్థము. అక్కడ తొట్లకు మూతలు ఇప్పించుట, నీటి వేళలను సరిచేయుట ముందుగా జరుగవలెను. ఆసుపత్రిలో విరుగుడు మందు లేని చోట పాముకాటు కథ ప్రజలను మోసపుచ్చినట్లగును.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్న పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుధ్యము ఉన్నవి. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక విధియని 1976లో చేసిన 42వ సవరణ చెప్పుచున్నది. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఈ ఆశయములన్నియు తుదకు గ్రామములోనే నెరవేరవలెను.

అందుచేత పంచాయతీవారు ఏడాదికి ఒక్క విషయమునైనను ఎన్నుకొని ఈ పద్ధతిని పరీక్షించి చూడుదురుగాక. వానలకు ముందు దోమను గాని, పాముకాటును గాని తీసికొనవచ్చును. ఆశా కార్యకర్త, పాఠశాల ఉపాధ్యాయుడు, ఊరిలో పాట వచ్చినవారు కలిసి అరగంట కథను కూర్చవలెను. వైద్యుడు దానిని సరిచూడవలెను. ఒక్క కథలో ఒక్క పనినే చెప్పవలెను. పది పనులు చెప్పిన కథలో పదియు మరపునకు వచ్చును. చూపదగిన వస్తువును వేదికమీద చూపవలెను. విన్నవారిలో ఒకరిచేత ఆ కథను మరల చెప్పింపవలెను. అతడు ఎక్కడ తడబడునో అక్కడ మన కథ తప్పినది. మూతలు, బట్టలు, బండి, మందు మొదలగువానిలో పంచాయతీ సమకూర్పగలవానిని అదే సభలో ప్రకటింపవలెను. సమకూర్పజాలనివానిని పై అధికారులకు వ్రాసి, ఆ సంగతిని కూడ ప్రజలకు తెలుపవలెను.

నెల గడచిన పిదప నలుగురు సభ్యులు నాలుగు వీధులు తిరిగి లెక్క చూడవలెను. ఎన్ని తొట్లలో దోమపిల్లలున్నవి? పాము కరచినవారు మొదట ఎక్కడికి వెళ్ళిరి? చప్పట్లు ఎన్ని మ్రోగినవనుట కథకు కొలత కాదు. ఈ లెక్కయే కొలత. లెక్క తగ్గనిచో కథనైనను మార్చవలెను, వసతినైనను మార్చవలెను. ఇట్లు చేసి, చూచి, దిద్దుకొనుటయే విజ్ఞానము.

"కథ కంచికి, మనము ఇంటికి" అని మన పెద్దలు కథ ముగింతురు. వినోదమునకు చెప్పిన కథ కంచికి పోయినను నష్టము లేదు. ఈ కథలు మాత్రము వినినవారి వెంట ఇంటికి వచ్చి, పెరటిలోని తొట్టివరకు, నిద్రించు పిల్ల చాపవరకు నడువవలెను. అట్లు నడపించుట పంచాయతీ పెద్దల చేతిలో ఉన్నది.